ఖాళీ కుర్చీయే మా యూరాలజిస్టు

మాజీ సైనికుల ఆసుపత్రికి యూరాలజిస్టు అక్కర్లేదు! ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, బాగా ఆలోచించి మరీ అంటున్నాను.

మా విల్లో ఫోర్క్ ఊరి ఆసుపత్రిలో ఆ మూత్రవ్యాధుల డాక్టరు కుర్చీ ఏళ్ళ తరబడి ఖాళీ. పాత డాక్టరు రిటైరై, మోకాళ్ళ నొప్పులకు ఎండ మంచిదని అరిజోనా వెళ్ళిపోయాడు. తలుపు మీద ఆయన పేరు చెరిపేశారు. గదిలో కుర్చీ, దాని పక్కన ఒక ప్లాస్టిక్ మొక్క మిగిలాయి.

ఆ కుర్చీలో ఏం లోపం ఉందో చెప్పండి? జీతం అడగదు. సెలవు పెట్టదు. రోగి మీద విసుక్కోదు. ఇంతకాలంలో దాని చేతిలో ఒక్క ఆపరేషన్ వికటించలేదు! ఇంత మచ్చలేని డాక్టరు ఈ దేశంలో ఇంకెక్కడైనా ఉన్నాడా?

పైగా దానివల్ల ఊరికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. ఒకప్పుడు నేవీ వాళ్ళు సైన్యం వాళ్ళతో మాట్లాడేవాళ్ళు కారు. ఇప్పుడు యూరాలజీ వరండాలో పక్కపక్కన కూర్చుని, నీ ప్రోస్టేటు అక్రోటుకాయంతా? నిమ్మకాయంతా? అని ఆప్యాయంగా పలకరించుకుంటున్నారు. శాంతి చర్చలంటే ఇవి కావా?

మా ముసలాళ్ళు రాత్రంతా ఒంటికని లేస్తూ కూర్చుంటూ ఉండడం వల్ల ఊళ్ళో ప్రతి ఇంట్లో ఏదో ఒక గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది. దొంగలకు మా ఊరంటే విరక్తి పుట్టింది. పోలీసు శాఖ ఈ సంగతి గమనించి మా వాళ్ళకు ఒక ఈల, ఒక టార్చిలైటు ఇస్తే బాగుంటుంది.

ఇంత చక్కటి ఏర్పాటును పాడుచేయడానికి పూనుకున్న పెద్దమనిషి పేరు ఆర్విల్ ట్వెట్. ఆయన కథ చెబుతాను. తప్పెవరిదో మీరే తేల్చండి.

ఆర్విల్‌కు డెబ్భై దాటాయి. కుర్రతనంలో వియత్నాంలో హెలికాప్టర్ల మరమ్మతు చేశాడు. తిరిగొచ్చి బీట్‌రూట్ దుంపలు పండించాడు. మాట పొదుపు. ఆయన నోట రెండు వాక్యాలు వరసగా వస్తే భార్య ఆర్లిస్ జ్వరమేమోనని నుదురు తాకి చూస్తుంది.

అక్టోబరులో, దుంపలు తవ్వే రోజుల్లో, ఒక పొద్దున ఒంటికి వెళితే ఎర్రగా వచ్చింది. ఆర్విల్ కంగారుపడలేదు. క్రితం రోజు ఆర్లిస్ పెట్టిన దుంపల ఊరగాయ సగం సీసా ఖాళీ చేశాడు కదా! జీవితమంతా బీట్ పండించినవాడికి ఆ రంగు కొత్తా? ఊరగాయ మానేశాడు. ఎరుపు మానలేదు.

"ఇంకా దుంపల మీదికే నెడతావా?" అంది ఆర్లిస్.

"దుంపలైతే బాగుండును" అన్నాడు ఆర్విల్, బూట్లు తొడుక్కుంటూ.

ఆసుపత్రిలో కిటికీ దగ్గర కూర్చునే షార్లీన్ మంచి పిల్ల. నవ్వుతూనే చెప్పింది.

"డాక్టరు లేరండీ ఆర్విల్ గారూ. పోస్టయితే ఉంది."

"పోస్టు చూస్తుందా నన్ను?"

"పోస్టు చూడదండీ. పోస్టులోకి డాక్టరు రావాలి. ప్రకటన ఇచ్చారు. కూర్చోండి, మీ పేరు రాసుకుంటాను."

కూర్చోమంటే కూర్చోవడం సైన్యంలో అలవాటైన పని. ఆర్విల్ కూర్చున్నాడు. పక్క కుర్చీలో గస్ పావ్లిక్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పొట్టును కాగితపు గ్లాసులోకి ఉమ్ముతున్నాడు. గస్ నేవీ మనిషి. ఓడ దిగాక ఊళ్ళో టైర్ల దుకాణం నడిపాడు. భార్య పోయాక ఒంటరి. ఆర్విల్ మిగిల్చిన మాటలన్నీ ఆయన కోటాలోకే చేరినట్టు మాట్లాడతాడు.

"ఏరా, నీకూ వచ్చిందా పిలుపు?" అన్నాడు గస్.

"ఎర్రగా వస్తోంది."

గస్ నమలడం ఆపాడు. "మరి ఇక్కడేం చేస్తున్నావు? నగరానికి పోకూడదూ?"

"పంపమని అడగాలట."

"అడిగి చూడు. నేనడిగాను. నా రక్తపరీక్షలో ప్రోస్టేటు అంకె చూసిన ప్రతిసారీ పెరుగుతోంది. బయటి యూరాలజిస్టు దగ్గరికి పంపండి మహాప్రభో అంటే, పంపుతాం, కానీ మన యూరాలజిస్టు సంతకం కావాలన్నారు. మన యూరాలజిస్టు లేడు కదా, అందుకేగా పంపమంటున్నాను అంటే, అందుకే సంతకం ఆలస్యమవుతోంది అన్నారు. కోపం తెచ్చుకుందామంటే ఆ పిల్ల క్యాండీ ఇచ్చింది. ఇదిగో, నువ్వూ తీసుకో."

చూశారా! డాక్టరు లేడన్న ఒకే ఒక్క కారణంతో ఇద్దరు వృద్ధులు క్యాండీ పంచుకున్నారు. డాక్టరు ఉండి ఉంటే? లోపలికి పిలిచి, పరీక్ష చేసి, విడదీసేవాడు.

నవంబరులో సిబ్బంది వ్యవహారాల అధికారి ప్రెస్టన్ లిండ్‌క్విస్ట్ వరండాలోకి వచ్చాడు. మృదుభాషి. ఎవరు ఏమడిగినా "మంచి ప్రశ్న" అంటాడు, జవాబు మాత్రం ఇవ్వడు. యూరాలజిస్టును ఎంపిక చేసే కమిటీలో మాజీ సైనికుల తరఫున ఒకరు ఉండాలని కొత్తగా నియమం వచ్చిందట.

"మీలో ఎవరికైనా తీరిక ఉందా?" అన్నాడు.

"ఇక్కడ అందరికీ ఉన్నది అదొక్కటే సార్" అన్నాడు గస్.

సరిగ్గా అప్పుడే ఆర్విల్ ఒంటికి వెళ్ళడానికి లేచి నిలబడ్డాడు. లిండ్‌క్విస్ట్ ముఖం వెలిగింది. "ధన్యవాదాలు, ట్వెట్ గారూ! ఇలా ముందుకొచ్చేవాళ్ళే కావాలి."

ఆ విధంగా ఆర్విల్ ట్వెట్, తన డాక్టరును తానే వెతుక్కునే కమిటీలో సభ్యుడయ్యాడు.

మొదటి అభ్యర్థి తెర మీద కనిపించాడు. చక్కటి టై. విమానాశ్రయం దగ్గరేనా అని అడిగాడు. "దగ్గరే, మధ్యాహ్నం బయలుదేరితే సాయంత్రానికి చేరతారు" అన్నాడు లిండ్‌క్విస్ట్. వెంటనే తెర నల్లబడింది. సిగ్నల్ పోయిందని రాసుకున్నారు. రెండో ఆయన నిజంగానే మంచివాడు. ఆయనకు ఉద్యోగం ఇస్తున్నామని కబురు వెళ్ళేసరికి ఆయన వేరేచోట చేరి, అక్కడ పదోన్నతి కూడా పొందాడు.

జనవరిలో మూడో అభ్యర్థి మంచులో సొంత కారు నడుపుకుంటూ వచ్చింది. డాక్టర్ ఇనెస్ బరేలా. న్యూ మెక్సికో మనిషి. పొట్టిగా, నెరిసిన జుట్టు వెనక్కి బిగించి, బూట్ల మంచు గుమ్మం దగ్గరే దులుపుకుని కూర్చుంది. సైన్యంలో సర్జనుగా చాలాకాలం పనిచేసి బయటికొచ్చింది.

"సహోద్యోగులతో అభిప్రాయభేదం వచ్చినప్పుడు మీరెలా పరిష్కరించారో ఒక ఉదాహరణ చెబుతారా?" అని లిండ్‌క్విస్ట్ కాగితం చూసి అడిగాడు.

"ఒకసారి డేరా మీద తూటాలు పడుతున్నాయి. ఆపరేషన్ ఆపుదామని ఒకతను అన్నాడు. వద్దన్నాను. పూర్తి చేశాక తీరిగ్గా వాదించుకున్నాం."

"మంచి ఉదాహరణ. అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ఆపరేషన్ గదిలో."

ఈలోగా ఆర్విల్ బయటికి వెళ్ళొచ్చాడు. కాసేపటికి మళ్ళీ వెళ్ళాడు. ఇంకోసారి వెళ్ళి తిరిగొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. బరేలా లిండ్‌క్విస్ట్ తర్వాతి ప్రశ్నకు జవాబు సగంలో ఆపింది.

"ట్వెట్ గారూ, రంగు ఏమైనా మారిందా?"

లిండ్‌క్విస్ట్ గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ, ప్రశ్నలు మా వైపు నుంచి..."

"అక్టోబరు నుంచి ఎరుపు" అన్నాడు ఆర్విల్.

"నొప్పి ఉందా?"

"లేదు."

"నొప్పి లేకపోవడమే నాకు నచ్చట్లేదు. సిగరెట్లు కాల్చేవారా?"

"సైన్యంలో భోజనంతో పాటు ఇచ్చేవాళ్ళమ్మా. వద్దంటే అమర్యాదని తీసుకున్నాను."

బరేలా లేచి, ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. తిరిగొచ్చి ఆర్విల్ ముందు నిలబడింది. "నగరంలో నాతో చదువుకున్నాయన ఉన్నాడు. గురువారం పొద్దున మిమ్మల్ని చూస్తాడు. సంతకాల సంగతి నేను చూసుకుంటాను. నాకు ఉద్యోగం వచ్చేదాకా ఆగొద్దు. వింటున్నారా? నా కోసం ఆగొద్దు."

తర్వాత లిండ్‌క్విస్ట్ వైపు తిరిగింది. "క్షమించండి. మీరు ఇంకేదో అడుగుతున్నారు."

లిండ్‌క్విస్ట్‌ను నేను తప్పుపట్టను. ఎంపిక చేయాల్సిన సభ్యుడికి అభ్యర్థి ఉపకారం చేయకూడదు. నగదు ఇచ్చినా తప్పే, ప్రాణం ఇచ్చినా తప్పే. నియమంలో ఆ రెంటికీ తేడా రాయలేదు. ఆ సాయంత్రమే బరేలా దరఖాస్తును విచారణ కోసం పక్కన పెట్టారు.

గురువారం గస్ తన పికప్ ట్రక్కులో ఆర్విల్‌ను నగరానికి తీసుకెళ్ళాడు. దారిపొడవునా ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో ఇద్దరికీ కంఠతా వచ్చు. ఆ డాక్టరు గొట్టంతో లోపల చూశాడు. మూత్రసంచిలో గడ్డ. ఇంకా గోడలోకి దిగలేదు. వారం తిరక్కుండానే తీసేశాడు.

"వేసవి దాకా ఆగి ఉంటే మనం ఇలా కబుర్లు చెప్పుకునేవాళ్ళం కాదు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. ఆర్లిస్ ఆ డాక్టరు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళొస్తున్నప్పుడు, దారిలో ఒక హోటల్లో ఇద్దరు మిత్రులూ ఆగారు. గస్ చెర్రీ పండ్లు కూరిన 'పై' అనే తీపి రొట్టె తెప్పించుకున్నాడు గానీ ఫోర్కుతో కెలుకుతున్నాడే తప్ప తినడం లేదు. కుర్చీలో నడుము సర్దుకుంటున్నాడు.

"ఏంటి నడుము?" అన్నాడు ఆర్విల్.

"టైర్లు ఎత్తిన నడుం. దాని బాధ దానిది."

"ఆ డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను. నీ అంకెల సంగతి చెబుతాను. నిన్ను కూడా ఆయన దగ్గరికి పంపిస్తుంది."

"చెయ్యకు."

"ఎందుకని?"

"ఒరేయ్, నీకొక్కడికి సాయం చేస్తేనే ఆవిడ మీద విచారణ పెట్టారు. రెండోవాడికి చేస్తే? ఇంకేముంది, ఇంటికి పొమ్మంటారు. ఇంత మంచులో సొంత కారేసుకుని వచ్చిన డాక్టరు ఇంకొకరు దొరుకుతారా మనకి? ఆ వరండా నిండా ఎంతమంది ఉన్నారో చూడలేదూ? ఆ లూథర్‌కి ఒంటికి వెళితే కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి. నేనొక్కణ్ణి ఎక్కేస్తే వాళ్ళందరి పడవా మునుగుతుంది."

"నీ సంగతో?"

"ఆవిడ వచ్చాక నన్నే మొదట చూస్తుంది. షార్లీన్‌కి చెప్పి పెట్టాను. పై తింటావా, నా వంక అలా చూస్తూ కూర్చుంటావా?"

ఆర్విల్ జేబులోంచి ఫోను తీశాడు. గస్ దాన్ని లాక్కుని తన టోపీ కింద పెట్టుకుని, పై పళ్ళెం ఆర్విల్ వైపు నెట్టాడు. ఆర్విల్ తినలేదు. ఇంటికొచ్చాక, నేను చెయ్యనా వద్దా అని ఆర్లిస్‌ను అడిగాడు. చివరికి ఫోన్ చెయ్యలేదు.

మార్చిలో కమిటీ మళ్ళీ కూర్చుంది. లిండ్‌క్విస్ట్ కాగితాలు సర్దుకున్నాడు. విచారణలో డాక్టరు దురుద్దేశం బయటపడలేదట. ఉద్దేశం మంచిదైనా పద్ధతి తప్పిందట. "అందువల్ల కొత్తగా ప్రకటన ఇవ్వడం అన్నివిధాలా క్షేమం. ఇలాంటి నియామకాల్లో తొందరపడకూడదు. ట్వెట్ గారూ, మీరేమైనా అంటారా?"

ఎవరూ ఆయన అంటాడనుకోలేదు. ఆర్విల్ బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి లేచాడు.

"నన్ను సైన్యంలోకి పిలిచినప్పుడు నాకు ఇంకా ఇరవై నిండలేదు. మా కౌంటీ కుర్రాళ్ళందర్నీ బస్సెక్కించి తీసుకెళ్ళారు. బట్టలు విప్పించి, పొడుగాటి హాల్లో వరస కట్టించి, తలా ఒక కాగితపు కప్పు ఇచ్చారు. ఒంటికి పోసి పట్టుకు రమ్మన్నారు. నా పక్కవాడికి భయంతో రాలేదు. నేను నా కప్పులోంచి వాడి కప్పులో కొంచెం పోశాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"అందరివీ చూసేశారండీ. మధ్యాహ్నం భోజనాల లోపల. అంతమంది కుర్రాళ్ళవి. డాక్టర్లు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ప్రకటన ఇచ్చాం, కూర్చోండి అని ఎవరూ అనలేదు. సాయంత్రానికి నేను సైనికుణ్ణి. ఆ పక్కవాడు కూడా. వాడు తిరిగి రాలేదు."

రెండు వాక్యాల మనిషి, అలసిపోయాడు.

"అప్పుడు మా ఒంటేలు చూడ్డానికి అంత తొందర ఎందుకొచ్చింది? ఇప్పుడు ఎందుకు రాదు? లిండ్‌క్విస్ట్ గారూ, ఇది మంచి ప్రశ్నే అనకండి. జవాబు చెప్పండి."

లిండ్‌క్విస్ట్ కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన నోట మొదటిసారి "మంచి ప్రశ్న" రాలేదు. "ఓటు పెడదాం" అన్నాడు. అందరి చేతులూ లేచాయి. అందరికన్నా చివర, లిండ్‌క్విస్ట్ చెయ్యి కూడా.

అలా డాక్టర్ ఇనెస్ బరేలా ఎంపికైంది. వరండాలో వాళ్ళంతా గింజల పొట్లాలు గాల్లోకి విసిరారు. షార్లీన్ ఊడ్చుకుంది.

ఇక చేరడమే తరువాయి. ఎంపికకూ చేరడానికీ మధ్య నాలుగు కాగితాలే కదా అనుకుంటారు మీరు. అమాయకులు! ఆమె చదివిన కాలేజీ పేరు మారిపోయిందట. పాత పేరూ కొత్త పేరూ ఒకటేనని రుజువు కావాలి. సైన్యంలో పనిచేసినట్టు సైన్యం చెప్పాలి. సైన్యానికి రాస్తే, ఆ విభాగంలో జవాబు రాసే ఉద్యోగం ఖాళీగా ఉందట. వేలిముద్రలు పంపితే గీతలు సరిగా లేవని తిప్పిపంపారు. ఇన్నేళ్ళూ ఆపరేషన్లకు ముందు చేతులు తోమి తోమి ఆమె వేళ్ళు అరిగిపోయాయి. సర్జను కాని మనిషి అయితే ఎప్పుడో చేరిపోయేది!

బరేలా విసుక్కోలేదు. అడిగిందల్లా పంపింది. అప్పుడప్పుడు షార్లీన్‌కు ఫోన్ చేసి, "వరండాలో ఎవరెవరున్నారు? ఎలా ఉన్నారు?" అని అడిగేది.

మే నెలలో గస్ వరండాకు రావడం మానేశాడు. నడుము నొప్పి టైర్లది కాదని ఆపాటికి తెలిసింది. అంబులెన్సులో అత్యవసర విభాగానికి తీసుకెళితే అక్కడివాళ్ళు ఒంటి లోపలి ఫోటోలు తీశారు. ప్రోస్టేటు క్యాన్సరు ఎముకల్లోకి పాకింది. ఆర్విల్ రోజూ వెళ్ళి గస్‌కు గడ్డం గీసి, కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు.

"నేనే ఫోన్ చేసి ఉండాల్సిందిరా" అన్నాడు ఒకరోజు, సబ్బు నురగ తుడుస్తూ.

"చేసి ఉంటే నీ పళ్ళు రాలగొట్టేవాణ్ణి. ఆవిడ వస్తోందా లేదా?"

"వస్తోందట. వేలిముద్రలు ఒప్పుకున్నారు."

"అయితే సరే. నా వంతు లూథర్‌కి ఇమ్మను. నీకు మాత్రం కాదు. నువ్వు ఇప్పటికే లైను తప్పించి దూరావు."

డాక్టర్ బరేలా ఆగస్టులో వచ్చింది. ప్లాస్టిక్ మొక్కను బయట పడేసి, లూథర్‌ను పిలిచింది. గస్ పావ్లిక్ అంతకు ముందే, జులైలో పోయాడు.

ఆ కబురు చెప్పాల్సిన చోటుకు ఆర్విలే ఫోన్ చేశాడు. నది అవతల సైనికుల శ్మశానం. ఎంతసేపు పట్టుకుని ఉండాలోనని కుర్చీ లాక్కుని, కాఫీ కప్పు దగ్గర పెట్టుకున్నాడు. మొదటి రింగుకే అవతల ఎవరో ఎత్తారు.

"మీ స్నేహితుడు పోయినందుకు చింతిస్తున్నాం సార్. నేవీయా? మంగళవారం పది గంటలకు వీలవుతుందా?"

"సంతకాలేమైనా కావాలా?"

"అవన్నీ మేం చూసుకుంటాం సార్. మీరు రండి చాలు."

మంగళవారం అన్నీ సిద్ధం. గుంత కొలతకు చెక్కినట్టుంది. తెల్ల చేతితొడుగుల కుర్రాళ్ళు, మడతపెట్టిన జెండా, బాకా ఊదే మనిషి, వర్షం వస్తే గొడుగులు. గస్ పేరులో ఒక్క అక్షరం తప్పు పోలేదు. నిమిషం ఆలస్యం కాలేదు. ఆర్లిస్ ఏడ్చింది. ఆర్విల్ నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

అంతా అయ్యాక, అక్కడి అధికారిని పక్కకు పిలిచాడు. "మీ దగ్గర పనివాళ్ళకు కొరతేమీ లేదా?"

అధికారి ఛాతీ కొద్దిగా ఉబ్బింది. "ఒక్క ఉద్యోగం కూడా ఖాళీ లేదు సార్. ఒకరు రిటైరవుతున్నారని తెలియగానే, వాళ్ళు వెళ్ళకముందే కొత్తవాళ్ళను తెచ్చి పెట్టుకుంటాం. సైనికులను వేచి ఉండమనడం మాకు చేతకాదు."

"బాగుంది" అన్నాడు ఆర్విల్. టోపీ పెట్టుకుని, ఆర్లిస్ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కారు వైపు నడిచాడు.

విన్నారు కదా, పాఠకులారా! మా దేశానికి ఉద్యోగులను వేళకు నియమించడం చేతకాదని ఇంకెప్పుడూ ఎవరూ అనకండి.